కుంచ మెవరి యింట నుండవలెను?

మా మిత్రులొకరు, విద్యావంతులు, తెలుగుభాషయందు అమితమైన యభిమానము గలవారు, ఈ నడుమ మాకొక వ్రాతప్రతిని పంపి మా యభిప్రాయమును కోరిరి. అందు వారు తెలుగువారికొఱకు ఒక నూతనమైన మానపద్ధతిని కల్పించియున్నారు. పొడవునకు మూర, బరువునకు గురివిందగింజ, కాలమునకు గడియ. ఈ మూడును మూలమానములు. తక్కిన కొలతలన్నియు వీనినుండియే పదేసి రెట్లుగ పైకిని, పదేసి వంతులుగ క్రిందికిని పుట్టవలెను. మూర మన దేహమున పుట్టినది, గురివింద మన యడవిలో కాచినది, గడియ మన పంచాంగములో నున్నది, మీటరును కిలోగ్రామును పరుల యింటి సరకులు అని వారి వాదము. పుస్తకము శ్రద్ధతో వ్రాయబడినది. పట్టికలలో మాకొక్క తప్పైనను కనబడలేదు. ఐనను ఆ పద్ధతిని మేము ఖండింపవలసియున్నాము. అంతకంటె గట్టిగా ఖండింపవలసినది, ఆ ప్రతిని చూచి “మూలమాన మేదైన నేమి, లెక్క సరిపోయిన చాలును గదా” యని నవ్వి ఊరకున్న మఱియొక మిత్రుని మాట. మొదటివారికి అభిమానముచేత కన్ను కొంచెము మూసికొన్నది. రెండవవారు కన్ను తెఱచియుండియు చూడకున్నారు.

కొలతలను గూర్చిన యీ తగవు నగరములలో కూర్చున్నవారికి వినోదము కావచ్చును. మేముండు తావున అది వినోదము కాదు. ఖమ్మమునకును భద్రాచలమునకును నడుమనున్న యీ యడవి యంచున కొలతలు తెలియకపోవుటచేత చెడిన కుటుంబములకంటె, రెండు కొలతలు తెలియుటచేత చెడిన కుటుంబములే యెక్కువ. ఇది వింతగా తోచవచ్చును గనుక కొంచెము వివరింతుము.

భారతదేశమునకు స్వాతంత్ర్యము వచ్చునప్పటికి గోదావరికి ఈవల బూర్గంపహాడు నిజాము రాజ్యములోనిది. ఆవల భద్రాచలము మద్రాసు రాజధానిలోనిది. పడవ దాటినంతనే రూపాయ మాఱెడిది. ఈవల హాలీసిక్కా, ఆవల కలదారు. వాని మారకము 7 హాలీ రూపాయలకు 6 కలదారు రూపాయలు. నూటికి 116 రూపాయల 10 అణాల 8 పైసలని చిల్లరదుకాణపు పసివాడు సయితము నోటికి చెప్పెడివాడు. రూపాయ మాఱుట యంత బాధ కాదు. దాని ముఖము చూచినంతనే ఏది యేదో తెలియును. బాధ యంతయు, పేరు మాఱక వస్తువు మాత్రము మాఱు కొలతలతో వచ్చినది. మణుగను మాటను తీసికొనుడు. రైళ్లవారి మణుగు 80 తులముల శేరు చొప్పున 40 శేర్లు. ఇప్పటి లెక్కకు 37 కిలోలకు మించును. మద్రాసు అంగళ్లలోని మణుగు 8 వీశెలు. అనగా సుమారు 25 పౌనులు, పదకొండు కిలోలకు పైచిలుకు. శేరును మాటయు అంతే. అక్కడి శేరు 24 తులములు, ఇక్కడి శేరు 80 తులములు. చింతపండు గంపతో అడవినుండి దిగివచ్చిన కోయవానికి “శేరున కింత” యని చెప్పిన షావుకారు అసత్యమాడలేదు. ఏ శేరో మాత్రము చెప్పలేదు. కొనునప్పుడు పెద్దశేరు, అమ్మునప్పుడు చిన్నశేరు చేతికి వచ్చుట కతనికి వేఱొక మోసము చేయవలసిన పనియే లేకపోయెను.

ధాన్యపు కొలత యింకను చిత్రము. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము, ఇరువది తూములు పుట్టి యని మన తాతలు వల్లెవేసిరి. ఈ పట్టికలో లోపమేమియు లేదు. లెక్కకొఱకైన దీనికంటె చక్కని మెట్లు కట్టుట కష్టము. సగము చేయుట, నాలుగు పాళ్లు చేయుట చదువురానివానికిని చేతనగును. ఐనను కుంచమెంత? ఊరి కొక కుంచము. ఒక్క యూరిలోనే కాపు కుంచ మొకటి, కోమటి కుంచ మొకటి. కుంచమొక్కటే యైనను కుప్పగా పోసిన కొలత వేఱు, అంచుతో సమముగ చేతితో గీసిన కొలత వేఱు. కళ్లములో కొలచువాడు మొదటి కుంచమును “ఒకటి” యనక “లాభము” అని మొదలుపెట్టుట మన వాడుక. మంగళవాచక మని పెద్దలు సమర్థింతురు. ఎవరి లాభమో అడిగినవారిని మేము చూడలేదు.

మా మిత్రునివంటివారు ఇచ్చట “ఇదంతయు పరరాజ్యముల పాలనవలన వచ్చిన చెడుగు, మన ప్రాచీనులలో ఇట్లు లేదు” అందురని మే మెఱుగుదుము. సంస్కృతము చదివినవారము గనుక చెప్పుచున్నాము, ఆ మాట నిలువదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున రెండవ యధికరణములో తూనికలు కొలతలను గూర్చిన యధ్యాయ మొకటి గలదు. అందు పౌతవాధ్యక్షుడను ఉద్యోగిని నియమించుచు, పడికట్టు రాళ్లు ఇనుముతో గాని, మగధ మేకల దేశముల రాతితో గాని, నీటివలన పెరుగనిదియు వేడిమివలన తఱుగనిదియునగు వస్తువుతో గాని చేయవలెనని విధించెను. ఎంత చక్కని విధి! ఇరువదియవ శతాబ్దపు శాస్త్రజ్ఞుడైనను మూలమానమునకు ఇంతకంటె మేలైన లక్షణమును ముందుగా చెప్పడు. ఐతే ఆ యధ్యాయములోనే కొన్ని పంక్తుల తరువాత నాలుగు ద్రోణములు చెప్పబడినవి. రాజు పన్నుగా పుచ్చుకొను ద్రోణము 200 పలములు. బేరసారములకు 187½ పలములు. సేవకులకు జీతముగ కొలచి యిచ్చునది 175 పలములు. అంతఃపురమునకు కొలచునది 162½ పలములు. ద్రోణమను పేరు నాలుగింటికి నొక్కటే. పుచ్చుకొనునప్పటికంటె ఇచ్చునప్పుడు ఎనిమిదింట నొకవంతు తక్కువ. ఇది దొంగవర్తకుడు చేసిన పని కాదు, శాస్త్రకారుడు చేసిన విధి. మనుస్మృతియో, ఆఱుమాసముల కొకసారి తూనికలను కొలతలను రాజు మరల పరీక్షింపవలెనని చెప్పుచున్నది. ఆ రాజే రెండు ద్రోణముల నుంచుకొన్నప్పుడు ఆ రాజును పరీక్షించువా డెవడు? మా షావుకారు తెలియకయే కౌటిల్యుని శిష్యుడు.

ఇంతవఱకు చెప్పినదానివలన, మూలమానమును ఎన్నుకొనుటలో మొదట చూడవలసినది దాని పరిమాణమును గాదు, దాని పుట్టుకను గాదు, అది యెవరి చేతిలో నుండు ననునది చూడవలె నని మా వాదము. ఈ మాట మేము గ్రంథములనుండి నేర్చినది కాదు. మా మిత్రుని వ్రాతప్రతి చేతికి వచ్చిన వారమందే ఎనిమిదవ తరగతి పిల్లలకు ఒక పని చెప్పితిమి. “మీటరు లేదు, కిలో లేదు అనుకొనుడు. మీరే క్రొత్తగా కొలతలు పెట్టుకొనుడు. దేనిని మూలముగ తీసికొందురో కారణముతో వ్రాసి తెండు” అంటిమి. ఒకడు జాన యనెను; ఒకడు క్రికెట్టు బ్యాటు పొడవనెను; తెలివిగల బాలుడొకడు నీటిసీసా చాలునని, దానినుండియే పొడవును బరువును రెంటిని తీసి చూపెను. ఆ బాలుని మెచ్చుకొని, నల్లబల్లపై కుంచమును ఉదాహరణముగ వ్రాయుచుండగా, కోయ బాలిక యొకతె వెనుకబల్లనుండి లేచి, “ఆ కుంచం ఎవరింట్లో ఉంటది సార్?” అని యడిగెను. తరగతి నవ్వెను. మేము నవ్వలేకపోతిమి. ఇరువది యేండ్లుగ దశాంశపద్ధతిని బోధించుచున్న మాకు ఆ ప్రశ్న ఒక్కసారియు తోచలేదు.

ఆ ప్రశ్ననే గీటురాయిగ పెట్టి మిత్రుని మూడు మూలమానములను పరీక్షింతము.

మూర యనగా మోచేతినుండి నడిమివ్రేలి కొనవఱకు. ఎవని మోచేయి? “మధ్యమపురుషునిది” అని మిత్రుడు సెలవిచ్చెను. మధ్యముడెవ్వడని నిర్ణయించుటకు పురుషులను కొలువవలెను. కొలుచుటకు మూర కావలెను. తర్కశాస్త్రమున దీనిని అన్యోన్యాశ్రయ మందురు. ఆర్యభటుడు మనుష్యుని నిలువెత్తును మూలముగ గొని, ఎనిమిదివేల నిలువెత్తులు యోజనమని, భూమి వ్యాసము 1050 యోజనములని చెప్పెను. సూర్యసిద్ధాంతమున అదే భూమికి 1600 యోజనములు. భూమి పెరుగలేదు, యోజనము తఱిగినది. అట్టి మహానుభావుల గ్రంథములనే ఒకదానిప్రక్క నొకటి పెట్టి చదువలేకపోవుటకు కారణము మూలమాన మొక్కటి కాకపోవుటయే గదా! ఇక బట్టల దుకాణములో మూరవేయువాడు తన చేతినే చాచును గాని కొనువాని చేతిని చాపనిచ్చునా? పొట్టిచేతి గుమాస్తాను వెదకి పెట్టుకొన్న దుకాణదారుని కథ మా చిన్ననాట పరిహాసముగ చెప్పుకొనెడివారము.

గురివిందను గూర్చి మాకును మమకారమే. ఈ యడవిలో పొదపొదకును కాయును. ఎఱుపు నలుపు కలిసి పసిబిడ్డలకు సయితము ముద్దుగొలుపును. కంసాలి త్రాసులో తరతరములుగ కూర్చున్నది. సగటున గ్రాములో ఎనిమిదవ వంతునకు కొంచెము తక్కువ తూగును. ఐనను ఒక గింజకును మఱియొక గింజకును భేదము గలదు. వానకాలపు గింజకును ఎండిన గింజకును భేదము గలదు. కౌటిల్యుడు చెప్పిన లక్షణము నిచ్చట పెట్టిచూచిన గురివింద మొదటిమెట్టుననే జాఱును. అంతకంటె ముఖ్యము, గింజలను ఏరువాడు కంసాలి. పుచ్చుకొనుటకు బలిసిన గింజ, ఇచ్చుటకు వాడిన గింజ. గురివింద తన క్రింది నలుపు నెఱుగదను సామెతను మీటరును నిందించుటకు మిత్రుడు వాడుకొనెను. అది యెవరికి తగులునో వారే యోచింతురు గాక.

గడియ మాత్రము మేలైనదని యొప్పుకొనవలెను. దినమున 60 గడియలు, గడియకు 60 విఘడియలు. గడియకు ఇప్పటి 24 నిమిషములు. అడుగున బెజ్జముగల గడియకుడుక నీటిలో మునుగుటకు పట్టు కాలము నది కొలుచును. సూర్యుడెవరి యింటను ఉండడు గనుక మా విద్యార్థిని ప్రశ్నకు గడియ కొంతవఱకు సమాధానము చెప్పగలదు. ఐనను దానిని మరల తెచ్చుటవలన ప్రయోజనమేమి? గంటయు నిమిషమును నేడు భద్రాచలమునను బస్తరునను లండనునను ఒక్కటియే. ఒక్కటిగ నున్నదానిని విడదీయుట సంస్కరణము కాదు. ఫ్రాన్సు విప్లవకారులు ఈ తప్పును చేసి చూచిరి. 1793లో దినమును పది గంటలుగ, గంటను నూఱు నిమిషములుగ విభజించి శాసించిరి. 1795లోనే దానిని విడిచిపెట్టవలసివచ్చెను. అదే జనులు అదే కాలమున తెచ్చిన మీటరు మాత్రము నిలిచెను. కారణము పదులలో లేదు. పదులు రెంటను గలవు. గంట అదివఱకే అందఱిది. కొలబద్ద అదివఱకు ఊరి కొకటి. రోగమున్నచోట మందు పనిచేసెను, లేనిచోట వెగటాయెను.

మీటరు కథను మన పాఠశాలలలో చెప్పు తీరు మాకు నచ్చదు. “భూమి చుట్టుకొలతలో నాలుగుకోట్లవ వంతు” అని పిల్లలచేత వల్లెవేయింతుము. అది యెందుకో చెప్పము. 1790లో మొదట వారు లోలకమును తలచిరి. సెకనున కొకమాఱు ఒకవైపున కూగు లోలకపు పొడవు మూలము కావలెనని. అయితే లోలకపు పొడవు దేశమునుబట్టి మాఱును. భూమధ్యరేఖకు దగ్గఱనొకటి, ఉత్తరమున నొకటి. ఏ దేశపు లోలకమను ప్రశ్న వచ్చినంతనే ఎవరి యింటి కుంచమను ప్రశ్న వచ్చినట్లే. 1791లో దానిని విడిచి భూమినే కొలువ నిశ్చయించిరి. దెలాంబ్రు, మెషేను అను ఇద్దఱు పండితులు 1792 మొదలు 1798 వఱకు డంకర్కునుండి బార్సిలోనా వఱకు, యుద్ధములనడుమ, కొండలెక్కి గోపురములెక్కి కొలిచిరి. ఆర్యభటుడు మనుష్యునితో భూమిని కొలిచెను. వీరు భూమితో మనుష్యుని కొలబద్దను కొలిచిరి. ఇంత శ్రమపడియు చివరకు తప్పిరి. వారి మీటరు తా మనుకొన్నదానికంటె మిల్లీమీటరులో అయిదవ వంతు పొట్టియైనది. ఐనను దానివలన లోకమున నొక్క బేరమైనను చెడలేదు. అందఱికిని అంతే పొట్టి గదా! ప్రకృతినుండి వచ్చుట మూలమానమునకు ప్రాణమని వాదించువారు ఈ సంగతిని చక్కగ నాలోచింపవలెను. ప్రకృతి వారికి చేసిన సహాయ మొక్కటియే: అది ఏ రాజు మోచేయియు కాదని అందఱిచేత ఒప్పించినది.

ఆ పిమ్మట వారు చేసిన మఱియొక పని మా మనస్సున కెక్కినది. 1796, 1797 సంవత్సరములలో పారిసు నగరమున పదునాఱు తావులలో చలువరాతిపై మీటరు పొడవును చెక్కించి బాటప్రక్కన నిలిపిరి. ఎవ్వడైన తన కొలబద్దను తెచ్చి అచ్చట ఆనించి చూచుకొనవచ్చును. ఇది మనకు తెలియనిది కాదు. దక్షిణదేశమునందలి దేవాలయములలో నేల కొలుచు గడ పొడవును గోడరాతిమీద చెక్కి యుంచిన నిదర్శనము లిప్పటికిని గలవు. మనవారిలో మంచిది చూపవలెనన్న మా మిత్రుడు మోచేతిని విడిచి ఆ రాతిగోడను చూపియుండిన ఎంత బాగుగ నుండెడిది! ఐతే గుడి గోడ చెంతకు అందఱును పోగలిగిరా యను ప్రశ్న మరల పుట్టును. దానికి సమాధానము మన సంస్కర్తలు నూఱేండ్లు పోరాడి తెచ్చినది. ఇచ్చట దానిని విస్తరింపము.

బరువు విషయములో ఫ్రెంచివారు కొంత తడబడిరి. మొదట గ్రామును మూలముగ నెంచి, అంత చిన్నదానిని లోహముతో పోతపోసి భద్రపఱచుట యసాధ్యమని, వేయిరెట్ల కిలోగ్రామును తయారుచేసిరి. అందుచేతనే పేరులోనే వేయిని మోయుచున్న మూలమానము లోకమున నదియొక్కటియే మిగిలినది. 1889 మొదలు పారిసు చేరువను మూడు మూతల క్రింద ఆ లోహపు ముద్ద యుండెను. దాని ప్రతులు దేశదేశములకు పోయినవి. మన దేశమునకు వచ్చినది 57వ సంఖ్య గలది, ఢిల్లీలోని జాతీయ భౌతికప్రయోగశాలయం దున్నది. నూఱేండ్లకు మూలమునకును ప్రతులకును సుమారు 50 మైక్రోగ్రాముల భేదము కనబడెను. మన గురివిందలో రెండువేలవ వంతుకంటె తక్కువ! అంతమాత్రమునకే పండితులు నిద్రపట్టక, 2019 మే 20వ తేదీనుండి ఆ ముద్దను త్రోసివేసి, ఎవ్వరి పెట్టెలోను లేని ప్లాంకు స్థిరాంకమును మూలము చేసికొనిరి. మీటరు అంతకుముందే, 1983లో, వెలుగు వేగమునకు ముడిపడినది. నేడు తగిన పరికరములున్నయెడల లోకమున నెచ్చటనైనను కిలోగ్రామును తిరిగి పుట్టింపవచ్చును. మా బాలిక ప్రశ్నకు రెండువందల యేండ్లలో మానవజాతి ఎంత దగ్గఱకు వచ్చినదో చూడుడు. దీనిని పరదేశపు సరకనుట మాకు సిగ్గుగ నున్నది. అది ఫ్రాన్సుదియు కాదు గనుకనే గొప్పది.

“ఐనచో మీకు చిక్కేమి? 1956లో చట్టము వచ్చెను, 1958 అక్టోబరునుండి కిలోలు వచ్చెను, సంతలో మణుగులు పోయెను. ఇప్పుడు మూలమాన మేదైన నొక్కటే” యని రెండవ మిత్రుడనును. వీరికి మేము చూపవలసిన కాగితము వేఱు.

సంతలో మణుగులు పోయినవి, నేలమీద పోలేదు. నేటికిని తెలంగాణమున ఎకరమునకు 40 గుంటలు. ఆంధ్రప్రదేశమున ఎకరమునకు 100 సెంట్లు. గుంట 121 చదరపుగజములు, సెంటు 48.4 చదరపుగజములు, గుంటకు రెండున్నర సెంట్లు. దేశమంతట నిది వట్టి విశేషము. మాకు గడప సంగతి. తూర్పుగోదావరి జిల్లాలోని భద్రాచలము 1959లో ఖమ్మము జిల్లాలో చేరినది. 2014లో రాష్ట్రము విడిపోయినప్పుడు పోలవరపు ముంపు నిమిత్తమై చుట్టునున్న మండలములు ఆంధ్రప్రదేశమునకు పోగా, భద్రాచలపు టూరు తెలంగాణమున నిలిచెను. ఊరు దాటి నాలుగడుగులు వేసిన ఎటపాక, అది మఱియొక రాష్ట్రము. దేవుడొక రాష్ట్రమున, దేవుని మాన్యము లొక రాష్ట్రమున! రామదాసుగారి కాలమున స్వామివారు తానీషాకు రామమాడలతో బాకీ తీర్చినారని పెద్దలు చెప్పుదురు; ఇప్పుడు తీర్పవలసివచ్చిన గుంటలలో తీర్పవలెనో సెంట్లలో తీర్పవలెనో వారికిని తెలియకుండెడిది.

హాస్యమున కన్నమాట యటుంచి, ఆ రెండు కొలతలను వ్రాయు తీరు చూడుడు. తెలంగాణమున 2.20 అని వ్రాసిన రెండెకరముల ఇరువది గుంటలు, అనగా సరిగ రెండున్నర యెకరములు. ఆంధ్రమున 2.20 అని వ్రాసిన రెండెకరముల ఇరువది సెంట్లు. చుక్క యొక్కటే, అంకె లొక్కటే. నడుమ 30 సెంట్ల నేల మాయము. అటవీహక్కుల చట్టము పోడునేలకు పరిమితి 4 హెక్టారులని హెక్టారులలో చెప్పును, మాట్లాడుకొనునప్పుడు ఎకరములు, ముసలివాండ్రు నేటికిని “కుంచెడు గింజలు పట్టు చేను” అందురు. నాలుగు భాషల నడుమ ఒక చుక్క.

ఆ చుక్క ఏమి చేసెనో మే మెఱుగుదుము. కుంచము సంగతి యడిగిన యా బాలిక తండ్రియు పినతండ్రియు ఒక తల్లి బిడ్డలు. పినతండ్రి పెండ్లియాడి అత్తవారి యూరికి, సరిహద్దు కావల, పోయెను. ఉమ్మడినేల ఈవలనే, కాగితముపై 2.20. చెఱిసగము 1.10 అని ఇద్దఱును ఒప్పుకొనిరి. అందులో తగవు లేదు. తమ్ముడు తనకు తెలిసిన కొలగానిని ఆవలి యూరినుండి తోడితెచ్చి ఎకరము పది సెంట్లు కొలిపించుకొని గట్టు వేసెను. మిగిలినది అన్నది. రెండు పంటలైన పిమ్మట తమ్ముడు గట్టుమీద నడచి చూచికొనగా అన్న చెక్క పెద్దదిగ కనబడెను. అన్న కాగితము 1.10, తమ్ముని కాగితము 1.10. ఇద్దఱును సత్యమే పలుకుచుండిరి. అన్న గట్టు జరిపెనని తమ్ముడు. కొలగాడు నీవాడే గదా యని అన్న. కులపెద్దలు కూర్చుండి కాగితములు చూచి, అంకెలు సరిగ నున్నవని చెప్పి లేచిపోయిరి. రెండేండ్లు ఆ యిండ్లనడుమ పలుకులు లేవు. ముసలితల్లి చిన్నకుమారుని చూడకయే కన్నుమూసెను. ఒక కార్యాలయమున విచారింపబోగా, “ఎకరముల లెక్క ఎకరముల లెక్కయే” యని సమాధానము వచ్చెనట.

మూలమాన మేదైన నొకటే యను మిత్రుని మే మడుగుచున్నాము: ఈ యన్నదమ్ములలో తప్పెవరిది? లెక్క సరిపోయినది గదా! లెక్క సరిపోవుటయే గదా యిచ్చటి రోగము! తునికాకు కట్టకు ఏబది యాకులని ఎంచినప్పుడు మూలమానముతో పనిలేదు. ఎంచుటకు కన్నును వ్రేలును చాలును, అవి ఇరువురకును గలవు. ఎంచుటకు వీలులేని నేలను, ధాన్యమును, తేనెను, కాలమును కొలువవలసినప్పుడే, నీ కొలతయు నా కొలతయు ఒక్క రాతికి కట్టబడియున్నవా లేదా యను ప్రశ్న పుట్టును. పట్టాలపై చుక్కలు మాని, చదరపుమీటరులలో, అంకెలలోను అక్షరములలోను వ్రాయవలెనని, అడుగున నున్న యెకరముల లెక్కలో గుంటలో సెంట్లో పేరు చెప్పవలెనని మేము రెండు రాష్ట్రముల రెవెన్యూవారిని కోరుచున్నాము. ఇందుకు క్రొత్త చట్టమక్కఱలేదు. పంచాయతీ గోడపై ఒక మీటరును, సంత వాకిట ముద్ర వేసిన యొక కిలోరాతిని బహిరంగముగ నుంచుటకు అయ్యెడి వ్యయము ఒక పందిరి వ్యయమునకు మించదు. మూరను మూలమానముగ జేసి మూడవ భాషకు తోడు అయిదవ భాషను తెచ్చుట మాత్రము వలదు.

మేము మొన్నటి వేసవి సెలవులకు ముందు తరగతిని తీసికొని ఆ చేనికి పోతిమి. ముప్పది మీటరుల టేపు పాఠశాలది. బాలికయు, ఆవలి యూరినుండి వచ్చిన ఆమె పినతండ్రి కొడుకును చెఱియొక కొన పట్టుకొనిరి. వంకరచెక్కలను త్రిభుజములుగ విడదీసి, పలకమీద కాక ఫోనులో గుణించుకొనిరి. అదియు నేరము కాదు. తమ్ముని చెక్క సుమారు 4450 చదరపుమీటరులు. అన్న చెక్క సుమారు 5670. రెండును కలిపిన పదివేలకు పైచిలుకు, సగము 5060. అన్న చాలసేపు ఆ కాగితమును పట్టుకొని కూర్చుండెను. తమ్ముడు మాట్లాడలేదు. గట్టు నెంతవఱకు జరుపవలెనో పిల్లలు పుల్లలు పాతి చూపిరి. తొలకరి పడిన తరువాత అన్నయే నాగలి కట్టి పాతగట్టును దున్నివేసెనని విద్యార్థిని మాకు చెప్పినది. జరిపిన నేల యెన్ని గుంటలని అతడు కూతు నడిగెనట, ఎన్ని సెంట్లని తమ్ముడు కొడుకు నడిగెనట. పిల్లలిద్దఱును 610 మీటరులనియే చెప్పి ఊరకుండిరట.